ముఖం మసిబారుతోందా? ముందు నీడకి గట్టు వెయ్యండి

ప్రశ్న: పెన్సిల్‌తో పోర్ట్రెయిట్లు వెయ్యడం సొంతంగా నేర్చుకుంటున్నాను. ఔట్‌లైన్ వరకు బాగానే వస్తుంది, పోలికలు కూడా కుదురుతున్నాయి, చూసినవాళ్ళు ఎవరి బొమ్మో గుర్తుపడుతున్నారు. షేడింగ్ మొదలుపెట్టగానే అంతా పాడైపోతుంది. ముఖమంతా మసి పూసినట్టు తయారవుతుంది, ముక్కు పక్కన ఏదో మచ్చలా ఉంటుంది, వేలితో ఎంత రుద్దినా గుండ్రదనం రాదు. ఇప్పుడు ఫోన్‌లో ఫ్లాష్ వేసి తీసిన ఫొటో చూసి మా అమ్మ బొమ్మ వేస్తున్నాను, అమ్మ చామనఛాయ. ఇది కూడా పాడుచేస్తానేమోనని టెన్షన్‌గా ఉంది. నా దగ్గర హెచ్‌బీ, 2బీ, 6బీ ఉన్నాయి. ఇంకా ఏ పెన్సిళ్ళు కొనాలి? ముఖంలో ఏ భాగానికి ఎంత షేడ్ ఇవ్వాలో ఏదైనా లెక్క ఉందా? చార్‌కోల్‌కి (బొగ్గు కడ్డీకి) మారితే నయమా? నేను ఇంతకుముందు వేసిన రెండు బొమ్మలు పంపుతున్నాను.

జవాబు:

మొదటి ప్రశ్నకి ఒక్క ముక్కలో చెప్పేస్తాను: ఏమీ కొనకండి. మీ దగ్గరున్న మూడు పెన్సిళ్ళు (హెచ్‌బీ తేలికగా పడుతుంది, 2బీ కాస్త మెత్తన, 6బీ బాగా మెత్తన, బాగా నలుపు) ఒక ముఖానికి చాలు, ఒకటి మిగిలినా మిగులుతుంది. డజను పెన్సిళ్ళ డబ్బా కనబడితే చెయ్యి ఊరుకోదని నాకూ తెలుసు, కానీ మీ బొమ్మలో ఉన్న ఇబ్బంది డబ్బాతో తీరేది కాదు.

మీరు పంపిన రెండు బొమ్మలూ కాస్త తీరిగ్గానే చూశాను. పోలిక గురించి మీరన్నది నిజమే, కళ్ళ మధ్య దూరం, ముక్కుకీ పెదవికీ మధ్య ఎడం, అన్నీ సరిగ్గా ఉన్నాయి, చాలామంది అక్కడే ఏళ్ళ తరబడి ఆగిపోతారు. ఇక షేడింగ్ సంగతి. నుదుటి మీద ఎడమ పక్క తెల్లగా వదిలేసి కుడి పక్క ముదురు చేశారు, అంటే వెలుతురు ఎడమ నుంచి వస్తోందన్నమాట. కానీ ముక్కు నీడ కూడా ఎడమ చెంప మీదే పడింది. గడ్డం కింద రెండు పక్కలా సమానంగా నలుపు. ముఖం అంచు చుట్టూ, చెవి నుంచి చెవి దాకా, ఔట్‌లైన్‌ని ఆనుకుని ఒక బూడిదరంగు పట్టీ. కంటి తెల్లగుడ్డు మాత్రం కాగితం తెలుపు ఎలా ఉందో అలాగే వదిలేశారు. ఒక్క ముఖం మీద మూడు నాలుగు దీపాలు వెలుగుతున్నట్టుంది, అందులో ఒక్కటి కూడా ఎక్కడుందో చూసేవాళ్ళకి తెలియడం లేదు. మసి పూసినట్టు అనిపించేది అందుకే. నిజానికి మీరు వేసిన నలుపు తక్కువే, కాకపోతే అది ఎందుకుందో దానికే తెలియదు.

కాబట్టి మీ రెండో ప్రశ్నకి జవాబు, ముక్కుకి ఇంత, చెంపకి ఇంత అనే లెక్క లేదు. అలాంటి చార్టులు తయారుచేసి పెట్టేవాళ్ళు ఉంటారు, వాటి జోలికి పోకండి, వెలుతురు దిక్కు మారితే ఆ చార్టు మొత్తం తప్పే. ఉన్న లెక్క ఒక్కటే. ముఖం మీద ఏదో ఒక చోట చీమ కూర్చుందనుకోండి, అక్కడి నుంచి దానికి దీపం కనిపిస్తుందా? నేరుగా నెత్తి మీద కనిపిస్తే అది బాగా వెలుగు పడే చోటు. ఏటవాలుగా, తల తిప్పి చూస్తే తప్ప కనబడకపోతే అది మధ్యరకం, బొమ్మలు వేసేవాళ్ళు హాఫ్‌టోన్ అనేది దాన్నే. అసలు కనబడకపోతే నీడ. కనబడకపోవడానికి రెండే కారణాలు, ఆ చోటు దీపానికి వీపు తిప్పుకుని ఉండాలి, లేదా మధ్యలో ముక్కో కనుబొమో జుట్టో అడ్డం ఉండాలి. షేడింగ్ అంటే ముఖం మొత్తం మీద ఈ ప్రశ్న వేసుకుంటూ పోవడమే.

ఇప్పుడు మీ ఫ్లాష్ ఫొటో సంగతి చూడండి. ఫోన్‌లో ఫ్లాష్ లెన్స్ పక్కనే ఉంటుంది. అంటే లెన్స్‌కి కనబడే చోటల్లా దీపానికీ కనబడుతుంది, దీపానికి కనబడని చోటు లెన్స్‌కీ కనబడదు. ఇక ఫొటోలో నీడ ఎక్కడి నుంచి వస్తుంది? లేని నీడని ఊహించుకుని వెయ్యబోతే మీ పాత బొమ్మల్లో లాగే ఒక్కో చోట ఒక్కో దిక్కుగా పడుతుంది. దీని మీద ఇప్పటి ఫోన్లు మరో ఉపకారం కూడా చేస్తాయి, నీడల్ని వాటంతట అవే తేలిక చేసేస్తాయి, వెలుగుని అణిచేస్తాయి, బ్యూటీ ఫిల్టర్ గనక ఆన్‌లో ఉంటే చర్మం మీద మలుపులన్నీ చదునైపోతాయి. ఆ ఫొటో పక్కన పెట్టి అమ్మని మళ్ళీ కూర్చోబెట్టండి. గదిలో లైట్లన్నీ ఆర్పేసి ఒక్క కిటికీ ఉంచండి, అది ఆవిడకి ఒక పక్కగా, కొద్దిగా ముందుకి, వీలైతే తల కంటే ఎత్తులో ఉండాలి. మీరు దాదాపు రెండు మీటర్ల దూరంలో నిలబడి జూమ్ చేసి తీయండి, ఎందుకంటే ఫోన్ ముఖానికి మరీ దగ్గరగా పెడితే ముక్కు ఉబ్బి చెవులు వెనక్కి పోతాయి, మీరు కష్టపడి సాధించిన కొలతలు కాస్తా గల్లంతవుతాయి. తీసేముందు స్క్రీన్ మీద వెలుతురున్న చెంప దగ్గర వేలు పెట్టి బ్రైట్‌నెస్ కొంచెం కిందికి లాగండి.

లియొనార్డో డావిన్సీ (1452–1519) ముఖాలు వెయ్యడానికి మబ్బు పట్టిన పూటనో పొద్దు వాలే వేళనో ఎంచుకోమన్నాడు, గోడలకి నల్లరంగు వేసిన పెరడు ఉంటే మరీ మంచిదన్నాడు. నల్లగోడల సలహా బంగారం లాంటిది, గోడ తెల్లగా ఉంటే కిటికీ వెలుతురు దానికి తగిలి తిరిగొచ్చి నీడల్ని పలచన చేసేస్తుంది. నీడ పక్కన ఒక ముదురు దుప్పటి వేలాడదీసి చూడండి, తేడా తెలుస్తుంది. మబ్బు వెలుతురు మాత్రం నేర్చుకునేవాళ్ళకి వద్దంటాను. అందంగానే ఉంటుంది, కానీ ఆకాశమంతా దీపమే అయినప్పుడు వెలుగు ఎక్కడ ఆగి నీడ ఎక్కడ మొదలైందో కనిపెట్టడం తలనొప్పి. దీపం ఎంత చిన్నగా కనబడితే నీడ అంచు అంత గట్టిగా ఉంటుంది, కాబట్టి అమ్మని కిటికీకి మరీ ఆనించకుండా కాస్త లోపలికి కూర్చోబెట్టండి. సరిగ్గా కుదిరితే నీడలో ఉన్న చెంప మీద, కంటి కింద, చిన్న వెలుగు ముక్క త్రిభుజంలా నిలుస్తుంది. పాతకాలపు డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ పేరు మీద ఫొటోగ్రాఫర్లు దీన్ని రెంబ్రాంట్ లైటింగ్ అంటారు.

ఇక కాగితం మీదికొద్దాం. మీరు ఇప్పుడు చేస్తున్నది, కన్ను పూర్తిగా షేడ్ చేసి, తర్వాత ముక్కు, తర్వాత పెదవులు, అలా ఒక్కోటీ ముగించుకుంటూ పోవడం. అది ఆపేయండి. అన్నదమ్ములు పొలం పంచుకునేటప్పుడు ముందు గట్టు వేసుకుంటారు, ఎవరి చేలో ఏ పంట వెయ్యాలన్నది తర్వాత మాట. ముఖానికీ అంతే, ఏ ముక్క వెలుగు వాటాకి, ఏ ముక్క నీడ వాటాకి అన్నది మొదట తేలిపోవాలి. కళ్ళు బాగా చికిలించి ఫొటో చూడండి, కనురెప్పల వెంట్రుకలు అడ్డం వచ్చేంతగా. చిన్న చిన్న వివరాలన్నీ పోయి రెండు ఆకారాలు మిగులుతాయి. నీడ ఆకారం తరచూ ఒకదానికొకటి అతుక్కుని ఉంటుంది, కనుగుంత నీడ ముక్కు పక్క నీడలో కలుస్తుంది, అది చెంప నీడతో, అది దవడ కింద నీడతో. ఈ మొత్తం ఆకారానికి హెచ్‌బీతో సన్నగా సరిహద్దు గీసుకోండి, ఏదో దేశం మ్యాప్ గీస్తున్నంత జాగ్రత్తగా. ఎక్కడ తేల్చుకోలేకపోతే అక్కడ మళ్ళీ చికిలించండి, అప్పటికీ తేలకపోతే మీరే ఏదో ఒక వాటాలో వేసెయ్యండి, ఊగిసలాట మాత్రం వద్దు. తర్వాత 2బీతో గట్టు లోపల మొత్తం ఒకే టోన్, అంటే ఒకే ముదురుతనం, పరిచెయ్యండి, కన్ను అని, పెదవి అని తేడా చూపించకుండా. వెలుగు వాటాలో ఈ 2బీ అసలు పెట్టొద్దు (చామనఛాయ ముఖానికి దీనికంటే ముందు ఒక పలచటి పొర పడాలి, అది కింద చెప్తాను).

ఇక్కడ బొమ్మని గోడకి ఆనించి నాలుగు అడుగులు వెనక్కి వెయ్యండి. కనుపాప లేదు, కనుబొమ లేదు, అయినా అది మీ అమ్మే అవుతుంది. అవకపోతే గట్టులో ఎక్కడో తప్పుంది, అది దిద్దకుండా ముందుకి వెళ్ళకండి, ఎందుకంటే తర్వాత మీరు వేసే ఏ వివరమూ దాన్ని కాపాడలేదు. మొత్తం బొమ్మకి పెట్టే టైమ్‌లో సగం దీనికే పోయినా నష్టం లేదు.

నీడలో ఉన్న కన్ను కనబడదేమో అని భయం వేస్తుంది, అందరికీ వేస్తుంది. రెంబ్రాంట్ కుర్రాడిగా ఉన్నప్పుడు, సుమారు 1628లో, వేసుకున్న సొంత బొమ్మ ఒకటి ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉంది, ఆన్‌లైన్‌లో పెద్దది చేసుకుని చూడొచ్చు. వెలుతురు చెంపకీ మెడకీ తగులుతుంది, రెండు కళ్ళూ నీడలోనే ఉండిపోయాయి. అయినా ఆ కళ్ళు మనల్నే చూస్తున్నాయని ఎవరైనా చెప్తారు. ఫ్రెంచ్ చిత్రకారుడు జార్జ్ స్యూరా 1882–83లో తన స్నేహితుడు ఆమాన్-జాన్ బొమ్మని నల్ల కాంటే క్రేయాన్‌తో (సుద్దముక్కలాంటి గట్టి నల్ల కడ్డీతో) వేశాడు, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. గరుకు కాగితం మీద నలుపు ముదురుగా, తేలికగా పరుచుకుపోవడమే తప్ప ఔట్‌లైన్ అని వేలు పెట్టి చూపించడానికి పెద్దగా ఏమీ దొరకదు. మీలాగా ఔట్‌లైన్ బాగా వచ్చినవాళ్ళకి ఆ బొమ్మ మంచి మందు.

గట్టు కుదిరాక రెండు వాటాల్లోనూ లోపలి పని మొదలవుతుంది, అప్పుడు ఒక్క షరతు దాటకుండా ఉంటే చాలు: నీడలో ఉన్న అన్నిటికంటే తేలిక చోటు కూడా వెలుగులో ఉన్న అన్నిటికంటే ముదురు చోటు కంటే ముదురుగానే ఉండాలి. వినడానికి సులువు. చెయ్యబోయేసరికి కన్ను మోసం చేస్తుంది. ఎడ్వర్డ్ అడెల్సన్ అనే శాస్త్రవేత్త 1995లో ఒక చదరంగం బల్ల బొమ్మ తయారుచేశాడు, దాని మీద ఒక స్థూపం నీడ పడుతుంటుంది. నీడలో ఉన్న తెల్ల గడీ, బయట వెలుతురులో ఉన్న నల్ల గడీ అచ్చంగా ఒకే బూడిదరంగు. కొలిచి చూపించినా మనసు ఒప్పుకోదు. నీడలో ఉన్నా తెలుపు తెలుపే అని మెదడు సర్దుకుని చెప్పేస్తుంది, బతకడానికి అది మంచిదే, బొమ్మ వెయ్యడానికి మాత్రం శత్రువు. మీ బొమ్మలో కళ్ళు ముఖంలోంచి బయటికి పొడుచుకొచ్చినట్టు ఉన్నది దీని వల్లే, తెల్లగుడ్డు కదా అని తెల్లగా వదిలేశారు. ఒక అట్టముక్కకి రెండు చిన్న చిల్లులు పెట్టి, ఒక చిల్లులోంచి నీడ పక్క తెల్లగుడ్డు, రెండోదాంట్లోంచి వెలుగు పక్క చెంప కనబడేలా ఫొటో మీద పెట్టి చూడండి. ఏది ముదురో చూశాక మీకే నవ్వొస్తుంది. వెలుగు పక్క కన్ను కూడా పూర్తి తెలుపు కాదు. గుడ్డు గుండ్రంగా ఉంటుంది కాబట్టి మూలలకి పోయే కొద్దీ ముదురుతుంది, పైగా పై రెప్ప దాని మీద సన్నటి నీడ వేస్తుంది. ఆ సన్నటి నీడ ఒక్కటి వేస్తే చాలు, కన్ను గుంతలో కుదురుగా కూర్చుంటుంది.

ముక్కు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం, మీరన్న మచ్చ అక్కడే ఉంది కదా. వెలుతురు ఎడమ పైనుంచి వస్తోందనుకుందాం. అప్పుడు అక్కడ మూడు వేరువేరు నీడలుంటాయి, మీరు మూడింటినీ కలిపి ఒకే ముద్ద చేశారు. దూలం దాటి కుడివైపు దిగే వాలు ముక్కు సొంత నీడ, ఉపరితలం తిరుగుతుండగా వచ్చేది కాబట్టి దీని అంచు మెత్తగా ఉంటుంది. ఎముక ఉన్న చోట కొంచెం త్వరగా తిరుగుతుంది, కొస దగ్గర గుండ్రంగా, నిదానంగా తిరుగుతుంది, మీ పెన్సిల్ కూడా అలాగే తిరగాలి. ముక్కు అడుగు భాగం నేలవైపు చూస్తుంటుంది, పైనున్న దీపం దానికి కనబడే అవకాశమే లేదు, కానీ పై పెదవి నుంచి తిరిగొచ్చే వెలుతురు కొంచెం తగులుతుంది, అందుకని అది నీడే అయినా మరీ చిక్కన కాదు. ముక్కు రంధ్రం ఆ నీడలోనే ఇంకొంచెం ముదురు చోటు, దాన్ని నల్ల చుక్క పెట్టినట్టు పెట్టకండి. మూడోది ముక్కు అడ్డం రావడం వల్ల కుడి చెంప మీదా పై పెదవి మీదా పడే నీడ. దీని అంచు గట్టిగా ఉంటుంది, ముక్కుపుట పక్కన గీత గీసినంత స్పష్టంగా మొదలై, ముక్కుకి దూరం జరిగే కొద్దీ మెత్తబడిపోతుంది. అంతేకాదు, అది పడిన చోటు ఎత్తుపల్లాల్ని బట్టి వంగుతుంది. ముక్కు కింద పెదవి మధ్యలో ఉండే పల్లంలోకి దిగి పైకి లేస్తుంది, చెంప ఉబ్బు మీద బయటికి తిరుగుతుంది. చెంప ఎంత ఉబ్బుగా ఉందో చూసేవాళ్ళకి చెప్పేది ఆ అంచు వంకరే, మీరు చెంప మీద వేలితో రుద్దిన రుద్దుడు కాదు. మొత్తం ముఖానికి ఇదే సూత్రం, సొంత నీడ అంచు మెత్తన, పడ్డ నీడ అంచు గట్టిది, ఈ రెండూ పక్కపక్కన ఉంటేనే గుండ్రదనం తెలుస్తుంది. మీ బొమ్మల్లో అన్ని అంచులూ ఒకే రకంగా మెత్తగా ఉన్నాయి.

ముఖం చుట్టూ మీరు వేసిన పట్టీ మాటకొస్తే, ఆ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించగలను, అంచు ముదురు చేస్తే గుండ్రంగా కనబడుతుందని చాలామంది చెప్తారు. నిజానికి గుండ్రటి వస్తువు మీద సొంత నీడలో బాగా ముదురు చోటు సాధారణంగా గట్టు పక్కనే ఉంటుంది, ముఖం అంచున కాదు. అంచుకి పోయే కొద్దీ భుజం నుంచో గోడ నుంచో తిరిగొచ్చే వెలుతురు తగిలి కొద్దిగా తేలికవుతుంది. కొద్దిగా అన్న మాట మర్చిపోకండి, ఇది కొత్తగా తెలిసినవాళ్ళు దవడ కింద తెల్లటి గీత పెట్టేస్తుంటారు, ఇందాకటి షరతు అక్కడే తప్పుతుంది.

పెదవుల గురించి పెద్దగా చెప్పేది లేదు. దీపం పైనుంటే పై పెదవి కిందికి వాలి ఉంటుంది కాబట్టి ముదురు, కింది పెదవి పైకి చూస్తుంది కాబట్టి తేలిక, దాని కింద మళ్ళీ చిన్న నీడ. పెదవి చుట్టూ గీత వద్దు. జుట్టు కూడా అంతే, ముందు ఒక పెద్ద ముద్దగా వెలుగు నీడలు పంచండి, వెంట్రుకలు చివర్లో నాలుగైదు గీస్తే సరి.

అమ్మ చామనఛాయ అన్నారు కదా, దీని గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. తెల్లకాగితం మీద వెలుగు వాటాని ఖాళీగా వదిలేస్తే ఆవిడ రంగే మారిపోతుంది, ఆ తర్వాత నీడ ఎంత వేసినా ముఖం మీద మురికిలా కనబడుతుంది, చర్మంలా కనబడదు. అందుకని గట్టు వేశాక, వెలుగు నీడ తేడా చూడకుండా ముఖం మొత్తానికి హెచ్‌బీతో పలచగా ఒక పొర వెయ్యండి, అది ఆవిడ చర్మం రంగు. నీడని దాని మీద వెయ్యండి. చర్మం ముదురైనప్పుడు నుదుటి మీదా ముక్కు కొస మీదా కనిపించే మెరుపు ఇంకా కొట్టొచ్చినట్టు ఉంటుంది, ఎందుకంటే చర్మం పైపొర మీద నుంచి వచ్చే ఆ మెరుపు రంగుని బట్టి పెద్దగా మారదు, చుట్టుపక్కల టోన్ మాత్రం ముదురుగా ఉంటుంది. ఆ రెండు మూడు చోట్లే రబ్బరుతో పొర ఎత్తెయ్యండి. పిండిముద్దలా నలిగే నీడెడ్ ఎరేజర్ ఉంటే కొస సన్నగా నలిపి అద్దొచ్చు, మామూలు రబ్బరుని కోసుకున్నా పని జరుగుతుంది. మెరుపు మరీ ఎక్కువ చోట్ల పెడితే చెమట పట్టినట్టుంటుంది, చూసుకోండి. తెల్లగా వేస్తేనే అందం అనే అలవాటుకి మాత్రం లొంగకండి, పోలిక సగం అక్కడే పోతుంది.

వేలితో రుద్దడం ఇవాళ్టి నుంచి మానెయ్యండి. వేలికుండే జిడ్డు కాగితానికి అంటి, దాని మీద గ్రాఫైట్ (పెన్సిల్ ములుకులోని నలుపు) మచ్చలు మచ్చలుగా పడుతుంది, తర్వాత రబ్బరుకి కూడా సరిగ్గా రాదు. అంతకంటే పెద్ద నష్టం, రుద్దినప్పుడు గట్టు చెరిగిపోతుంది. పెన్సిల్ బాగా చెక్కుకుని, చెంప ఎటు వంగుతోందో అటే గీతలు వేస్తూ పొర మీద పొర వెయ్యండి, టోన్ దానంతటదే కలుస్తుంది. 6బీని అన్నిటికంటే ముదురు చోట్లకి, అంటే ముక్కు రంధ్రం, పెదవుల మధ్య గీత, రెప్ప కింద, మెడ దగ్గర లోతు, ఇలాంటి వాటికి మాత్రమే తీయండి, అది కూడా ఆఖర్లో. మొదట్లోనే తీస్తే కాగితం గరుకు పూడిపోయి ఇంకే పెన్సిలూ పట్టదు.

చార్‌కోల్ సంగతి. గ్రాఫైట్‌ని ఎంత నొక్కినా ఒక హద్దు దాటాక నలుపు పెరగదు, మెరుపే పెరుగుతుంది, పక్కనుంచి చూస్తే నీడ కాస్తా వెండిలా తళతళలాడుతుంది. చార్‌కోల్‌కి ఆ మెరుపు లేదు, నలుపు నిజంగా నలుపే, పైగా సన్నటి గీతలు గీసే వీలు తక్కువ కాబట్టి పెద్ద ఆకారాల్లో ఆలోచించక తప్పదు. ఆ లెక్కన మీకు మంచిదే. కానీ చెయ్యి తగిలితే రాలిపోతుంది, రాలకుండా పట్టి ఉంచే ఫిక్సెటివ్ స్ప్రే కొట్టాలి, వేలితో పులమాలన్న కోరిక పదింతలవుతుంది. అమ్మ బొమ్మ పెన్సిల్‌తోనే ముగించండి, కిటికీ పక్కన కొత్తగా తీసిన ఫొటోతో. ఆ తర్వాత అదే ఫొటోని పెద్ద కాగితం మీద చార్‌కోల్‌తో వెయ్యండి, ఈసారి ఔట్‌లైన్ లేకుండా, నేరుగా నీడ ఆకారంతోనే మొదలుపెట్టి. రెండూ పంపిస్తే చూస్తాను, ఫొటో కూడా జత చెయ్యండి, అది లేకపోతే గట్టు సరిగ్గా పడిందో లేదో నేను చెప్పలేను.